గ్రంథాలయ వారోత్సవాలకు నిమ్మచెక్క

అమెరికాలో 2017 ఆగస్టు 21న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు, దాన్ని చూసే కళ్లద్దాలను జనం పబ్లిక్ లైబ్రరీల్లో తెచ్చుకున్నారు. కొలరాడోలోని స్పేస్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ నడిపే లైబ్రరీల నెట్‌వర్క్ స్టార్ నెట్ ద్వారా 20 లక్షలకు పైగా అద్దాలు ఉచితంగా లైబ్రరీలకు చేరాయి. న్యూహాంప్‌షైర్‌ ఖగోళ సంఘం 2008లో మొదలుపెట్టిన పద్ధతి ఇంకా ముచ్చటైనది. అక్కడ పుస్తకంతోపాటు టెలిస్కోపునూ ఇంటికి తీసుకెళ్లి, చంద్రుణ్ని చూసి, గడువులోగా తిరిగి ఇచ్చెయ్యొచ్చు.

ఇక్కడ మనం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బుతో నడిచే చాలా గ్రంథాలయాలు ఇప్పుడు పోటీ పరీక్షల అభ్యర్థుల చదువు గదులు. అందులో తప్పేమీ లేదు, వాళ్లకు వేరే చోటు లేదు. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు అక్కడ పనేముంది?

టెలిస్కోపు కొనమని నేను అనను. కొంటే అది బీరువాలోకి వెళ్లి తాళం పడుతుందని మనకు తెలుసు. నిమ్మకాయలతో మొదలుపెట్టవచ్చు. పిల్లల్ని తలా ఒక రాయి తెమ్మనండి. కడప బండ ముక్క, తాండూరు నాపరాయి, హైదరాబాద్ గుట్టల గ్రానైటు, ఏదైనా సరే. మేకుతో గీకి, రాలిన పొడి మీద నిమ్మరసం పిండితే నాపరాయి పొడి సన్నగా నురగ కడుతుంది. గ్రానైటు పొడి ఉలకదు పలకదు. మొదటిది ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. రెండోది భూగర్భంలో కరిగిన శిల చల్లారి గట్టిపడింది, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూగర్భ శాస్త్రజ్ఞులు గుట్టల మీద చేసే పరీక్ష ఇదే, కాకపోతే వాళ్లు పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారు. కడప బండ వేసిన వంటగది గట్టు ఒకనాటి సముద్రపు అడుగని తెలిసిన పిల్ల ఇంటికెళ్లి అమ్మను ఎన్ని ప్రశ్నలు వేస్తుందో ఊహించండి.

నీడల పని ఇంకా చవక. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకు నీడ ఉండదు. అదే మధ్యాహ్నం తిరుపతిలో మీటరు కర్రకు ఆరేడు సెంటీమీటర్ల నీడ పడుతుంది. రెండు ఊళ్లూ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. రెండు గ్రంథాలయాలు ఫోన్లో మాట్లాడుకుని, నీడ కోణాన్నీ ఊళ్ల మధ్య దూరాన్నీ పట్టుకుంటే భూమి చుట్టుకొలత తేలిపోతుంది. ఈజిప్టులో ఎరటోస్తనీస్ సుమారు 2,200 ఏళ్ల కిందట చేసిన లెక్క ఇదే. మేలో మబ్బు పట్టిందా, ఆగస్టు దాకా ఆగాల్సిందే!

లైబ్రేరియన్‌కు సైన్సు రాదు కదా అంటారు. రానక్కర్లేదు. స్టార్ నెట్ కూడా లైబ్రేరియన్లను శాస్త్రవేత్తలుగా మార్చలేదు, కిట్లూ శిక్షణా ఇచ్చి వదిలింది. “నాకూ తెలీదు, చేసి చూద్దాం” అనగలిగితే చాలు, మిగతాది అలమరలోని పుస్తకం చెబుతుంది. అసలు చిక్కు ఖాళీ పోస్టులతోనూ, స్థానిక సంస్థల దగ్గర ఆగిపోయే సెస్సు బకాయిలతోనూ. అభ్యర్థుల నిశ్శబ్దానికి భంగం అన్న అభ్యంతరం న్యాయమైనదే. వరండా ఎలాగూ ఖాళీగానే ఉంటుంది.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన, వక్తృత్వ పోటీల పక్కన ఒక్క పూట రాళ్లకూ, మే లేదా ఆగస్టులో ఒక మధ్యాహ్నం నీడలకూ కేటాయించమని జిల్లా గ్రంథాలయ సంస్థలను కోరుతున్నాను. నిమ్మకాయల ఖర్చు సెస్సులోంచే పెట్టొచ్చు.