తల తిరుగుడుకి మంచం మందు కాదు

అక్కలూ, చెల్లెళ్ళూ, నెలల తరబడి తల తిరిగి, నేల ఊగినట్టుండి, గోడ పట్టుకుని నడిచేవాళ్ళు మనలో ఉన్నారు. ఇంట్లోవాళ్ళు చెప్పేది ఒకటే: "కదలకు, పడుకో. ఇండియా నుంచి వచ్చేవాళ్ళతో మాత్రలు తెప్పిద్దాం." ప్రేమతోనే అంటారు. కానీ మేలు చేసే సలహా కాదది.

మనం తూలకుండా నిలబడేది మూడింటి సాయంతో: లోపలి చెవి, కళ్ళు, పాదాలూ కీళ్ళూ. ఈ మూడు కబుర్లనీ కలిపి చూసుకునేది మెదడు. చెవి దెబ్బతిన్నా అది మెల్లగా సర్దుకుంటుంది, మనం కదిలితేనే. కొందరికి చెవి బాగయినా భయం పోదు. ఒళ్ళు బిగబట్టి, చూపునే నమ్ముకుని నడుస్తారు. అందుకే సూపర్‌మార్కెట్ అరల మధ్య ఇంకా తిరుగుతుంది. మూడు నెలలు, ఆపైన ఉండే ఈ జబ్బుని పి.పి.పి.డి. అంటారు. 2017లో బరానీ సొసైటీ దీని లక్షణాలు నిర్ణయించింది. "అంతా నీ భ్రమ" అనేవాళ్ళకి ఇదే జవాబు.

తల తిరుగుడుని అణిచే కొన్ని మాత్రలు ఎక్కువకాలం వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. మీ డాక్టర్ని అడిగే తగ్గించండి. 'వెస్టిబ్యులార్ రిహాబిలిటేషన్' కావాలని పేరుపెట్టి అడగండి. ఆ వ్యాయామాలతో మొదట్లో కాస్త ఎక్కువ తిరుగుతుంది, భయపడి మానేయకండి. ఉన్నట్టుండి తల తిరిగి, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

ఇంట్లోవాళ్ళకి ఒక్క మాట: "పడుకో" అనకండి. చెయ్యి అందించి, వీధి చివరిదాకా తోడు నడవండి.