పాత నీటి రైడ్లను దించేయాలి

బళ్లారి ఎండలు 40 డిగ్రీలు దాటే వేసవిలో వాటర్ పార్కు పేరెత్తితే చాలు, మా జిల్లాలోని కప్పగల్లు ఊరి పిల్లలకు కాలు నిలవదు. బెంగళూరు దగ్గర 2005లో వండర్‌లా పార్కు తెరుచుకుంది. ఈ రెండు దశాబ్దాల్లో దక్షిణాదిలో ఇలాంటి పార్కులు చాలా వచ్చాయి. తొలినాటి రైడ్లకు ఎక్కడైనా వయసు మీదపడక తప్పదు.

జారుడు గొట్టాలు ఫైబర్‌గ్లాస్‌తో చేస్తారు. ఎండకూ క్లోరిన్ నీళ్లకూ పైపూత వెలిసిపోతుంది, చేత్తో రుద్దితే తెల్లటి పొడి రాలుతుంది. తర్వాత వెంట్రుకవాసి పగుళ్లు పడతాయి, గాజుపోగులు పైకి తేలి ఒంటికి గుచ్చుకుంటాయి. అతుకుల దగ్గర బోల్టులు తుప్పుపడతాయి. పైన రంగు కొట్టినంత మాత్రాన ఇవేవీ నయం కావు.

ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కు 1981 నాటి దుంగపడవల రైడ్‌ను 2015లో మూసేసి, 2018లో అక్కడే చెక్క రోలర్‌కోస్టర్ తెరిచింది. అమెరికాలో కాన్సస్ సిటీ వాటర్ పార్కు జారుడుబండ మాత్రం 2014లో వచ్చిన కొత్తదే. 2016లో దానిమీద పదేళ్ల బాలుడు చనిపోయాడు, 2018లో కూల్చేశారు. ప్రాణం పోయేదాకా ఆగడం క్షమించరానిది.

ప్రతి రైడ్ ఎప్పుడు కట్టారో, చివరిసారి ఎప్పుడు తనిఖీ చేశారో టికెట్ కౌంటర్ దగ్గరే కన్నడంలోనూ తెలుగులోనూ రాసిపెట్టాలి. నగరంలో దించేసిన గొట్టం చిన్న ఊరి పార్కులో మళ్లీ లేవకుండా జిల్లా యంత్రాంగం అడ్డుకోవాలి. ఈ వేసవి సెలవులకు ముందే పాత రైడ్లను దించే పని మొదలుపెట్టాలి.