కండె చుట్టే చేతికి కూలి ఏది?

చేనేత గురించి జరిగే ప్రతి సభలోనూ నేతన్న పేరు వినబడుతుంది. ఆ నేతన్న నాడెలోకి కండె ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లు మాత్రం కనబడరు. మేం అడుగుతున్నాం.

మిల్లు నుంచి నూలు రకరకాల రూపాల్లో బయటికొస్తుంది. శంఖం లాంటి గొట్టం మీద బిగువుగా చుడితే కోన్. పొడవునా ఒకే మందం ఉన్న గొట్టం మీద చుడితే చీజ్. గొట్టమేమీ లేకుండా వదులుగా తిప్పి కడితే చిలప. కోన్ నుంచి దారం వేగంగా సాగుతుంది. అందుకే మిల్లులకు, సాంచెలకు అదే కావాలి. చేతిమగ్గానికి చిలపే ప్రాణం. వదులుగా ఉండే చిలపలో రంగు, గంజి ప్రతి పోగుకూ పడతాయి. ఇంటి రంగు బానలో కోన్‌ను ముంచితే పైపొరే తడుస్తుంది.

అందుకే దేశంలో అమ్మే నూలులో కొంత వాటా చిలపల రూపంలోనే ఇవ్వాలని మిల్లులకు కేంద్రం నిబంధన పెట్టింది. 2003లో 40 శాతంగా నిర్ణయించిన ఆ వాటాను 2019లో 30 శాతానికి కోసింది. చేనేతకు అంత నూలు అక్కర లేదన్నది మిల్లుల వాదన. చిలపలు విప్పి, కోన్లు చుట్టి, పవర్‌లూమ్‌లకు మళ్లించే దందా మీద ఏళ్లుగా ఫిర్యాదులున్నాయి. దొంగదారి మూయాల్సింది పోయి నేతగాడి వాటా కోయడం ఏ న్యాయం?

ఇక ఇంటి లోపలి సంగతి. 40 నంబరు నూలంటే ఒక్క పౌనుకు 40 చిలపలు. చిలపకు 840 గజాలు. మొత్తం 33,600 గజాలు. పేకకు వాడే నూలంతా రాట్నం మీద కండెలకు ఎక్కాల్సిందే. ఆ రాట్నం దగ్గర కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లు, ముసలివాళ్లు. చాలాచోట్ల వాళ్లకు విడిగా కూలి లేదు. నేతగాడి మజూరీలోనే అదీ కలిసిపోతుంది. 2019-20 చేనేత గణన దేశంలో 8.48 లక్షల మందిని 'అనుబంధ' కార్మికులుగా లెక్కగట్టింది. కండె లేకుంటే నాడె ఖాళీ, మగ్గం మూగ. అలాంటప్పుడు ఎవరికి ఎవరు అనుబంధం?

చీరకు ఆసు పోస్తూ తల్లి పడే గోస చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేశాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఒక కొడుకు కంటికి ఆనిన కష్టం ఇన్నేళ్ల ప్రభుత్వాల కంటికి ఎందుకు ఆనలేదు?

సిరిసిల్లలోనూ ఇదే కథ. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లతో సాంచెలు ఊపందుకున్నాయి. ఆర్డరు ఆగితే సాంచెతో పాటు కండెల మిషనూ ఆగుతుంది. సాంచె కార్మికుడి గురించి వార్త వస్తుంది. కండెలు చుట్టే ఆమె గురించి రాదు.

నీళ్లు, నిధులు, నియామకాల లెక్క అడిగి 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. ఇప్పుడు నూలు లెక్క అడుగుదాం. చిలపల వాటాను 40 శాతానికి తిరిగి పెంచాలి. మజూరీ చిట్టాలో కండె కూలి విడిగా రాయాలి, ఆ పైసలు చుట్టిన మనిషి చేతికే రావాలి. కరెంటు రాట్నాలు ఇంటింటికీ ఇవ్వాలి.

విద్యార్థులారా, మీ ఊరి నేత ఇళ్లకు పోయి ఈ కూలి లెక్క రాయండి. ఉద్యోగులారా, చేనేత చీర కొనేటప్పుడు కండె కూలి ఎంతిచ్చారని ఒక్క మాట అడగండి. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తేనే చిట్టాలో ఆ పద్దు చేరుతుంది.