లష్కర్‌కు తెలిసింది పటంలోకి రావాలి

2024 సెప్టెంబరు 1న నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర భారీ వాన కురిసి నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఆ వానకే కోదాడలో కాలనీలు నీట మునిగాయి. అలాంటి వేళ ఏ కల్వర్టు దాటకూడదో చెప్పే పటం ఊళ్ల చేతిలో ఉండాలి. మామూలు ఉపగ్రహ చిత్రంలో పిల్లకాలువ సరిగా ఆనదు. తక్కువ ఎత్తున ఎగిరే డ్రోన్ తీసిన చిత్రంలో తూము, గట్టు, రేకుల ఇల్లు విడివిడిగా కనిపిస్తాయి. అయితే ఆ తూము పేరేమిటో, నీళ్లు ముందు ఏ వీధిలోకి వస్తాయో డ్రోన్‌కు తెలియదు, కాలువ నీటిని చూసుకునే లష్కర్‌కు తెలుసు. ఆ రెండింటినీ కలిపే వేదిక 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. టాంజానియా నగరం దార్ ఎస్ సలాంలో 2015 నుంచి విద్యార్థులు, బస్తీవాసులు డ్రోన్ చిత్రాల సాయంతో ముంపు వాడల పటాలు ఇలాగే గీశారు.

భద్రత మాటేమిటని అడగవచ్చు. పటాల తయారీకి ముందస్తు అనుమతుల బెడదను కేంద్రమే 2021 ఫిబ్రవరిలో తొలగించింది. అదే ఏడాది వచ్చిన డ్రోన్ నిబంధనలు గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదన్నాయి. ఊళ్లలో ఇళ్లను డ్రోన్‌తో కొలిచే స్వమిత్వ సర్వే ఉంది కదా అనేవారూ ఉంటారు. దాని లక్ష్యం ఇంటి హక్కు పత్రం, వరద దారి కాదు. పెరళ్లు కనిపిస్తాయన్న భయం మాత్రం న్యాయమైనదే. అందుకే ఎగరేసే ముందు గ్రామసభ, వార్డు ప్రజలు ఒప్పుకోవాలి, పటంలో యజమానుల పేర్లు ఉండకూడదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మున్సిపాలిటీలు వచ్చే వానాకాలంలోపే డ్రోన్ చిత్రాలు తీయించి, పటాలు గీసేందుకు స్థానిక కళాశాలలకు అందించాలి.