మొక్కుకున్నావా? డాక్టర్ వద్దన్నాడా?

ఆదివారం ఈ పేజీ మీ చేతికొచ్చేసరికి చాలా ఇళ్ల వంటగదుల్లోంచి అల్లం వెల్లుల్లి వాసన వస్తూ ఉంటుంది. పొద్దున్నే చికెన్ కొట్టు దగ్గర నిలబడి వచ్చిన ఇంటాయన పేపరు ముందేసుకుని కూర్చుని ఉంటాడు. సరిగ్గా ఇలాంటి ఆదివారమే, మధ్యాహ్నం కంచాల దగ్గర ఇంట్లో ఒకరు "నాకు కూరొద్దు, పప్పు వేస్తే చాలు. ఇక మీదట నేను మాంసం తినను" అన్నారనుకోండి. ఏమవుతుంది?

ముందు అంతా ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. ఆ తర్వాత రెండే రెండు ప్రశ్నలు. "ఏం, ఏదైనా మొక్కుకున్నావా?" కాదంటే, "డాక్టర్ వద్దన్నాడా?" ఈ రెంటిలో దేనికి అవునన్నా గొడవ లేదు. అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ని 41 రోజులూ ఎవరూ పల్లెత్తు మాటనరు. పైగా ఇల్లు కడిగి, గిన్నెలు వేరు చేసి, ఇంటిల్లిపాదీ నీచు మానేస్తారు. కార్తీకమాసమైనా, శనివారమైనా, సాయిబాబా గురువారమైనా అంతే. కొలెస్ట్రాల్ రిపోర్టుకైతే మరీ గౌరవం. కానీ "మొక్కూ లేదు, జబ్బూ లేదు, నాకే తినాలనిపించడం లేదు" అన్నారో, ఇక చూడండి. అత్తయ్య దగ్గర్నుంచి ఆరో తరగతి చదివే మేనల్లుడి దాకా అందరూ ప్లీడర్లే. "మొక్కలకు ప్రాణం లేదా?", "పాలు తాగుతున్నావుగా?", "అందరూ మానేస్తే ఈ కోళ్లన్నీ ఏమైపోవాలి?"

దేవుడి మాటకు, డాక్టరు మాటకు ఇచ్చే విలువ మనిషి మనసుకు ఎందుకివ్వం?

నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు, బ్యాంకు ఉద్యోగి. ఆరేళ్లుగా బంధువులందరికీ "గ్యాస్ ట్రబుల్, డాక్టర్ మానేయమన్నాడు" అని చెబుతూ వస్తున్నాడు. నిజానికి ఆయన కడుపు నిక్షేపంలా ఉంది. కూతురి పుట్టువెంట్రుకలు తీయించే వేడుకకని నెల ముందే మేకపోతును కొని పెరట్లో కట్టేశారు. బ్యాంకు నుంచి రాగానే దానికి తుమ్మకాయలు పెట్టడం ఆయన పని అయింది. వారం తిరిగేసరికి స్కూటర్ చప్పుడు వినబడితే చాలు, అది లేచి నిలబడి తాడు లాగేదట. వేడుక రోజు విస్తట్లో ముక్క పడింది. ఆయన చేయి దాని మీదికి వెళ్లలేదు. ఆ రోజుకు పెరుగన్నం తిని లేచాడు. ఇప్పటికీ అంతే. "ఈ సంగతి చెబితే నవ్వుతారండీ. గ్యాస్ ట్రబుల్ అంటే ఎవరూ నవ్వరు" అన్నాడు నాతో.

ఇది వింటుంటే నాకు గాంధీగారు గుర్తొచ్చారు. ఆయన పుట్టుకతోనే శాకాహారి, అందులో విశేషమేముంది అనుకుంటాం. ఆత్మకథ చదివితే తెలుస్తుంది, కథ అంత తిన్నగా సాగలేదని. రాజ్‌కోట్‌లో చదువుకునే రోజుల్లో స్నేహితుడి మాట విని చాటుగా మేకమాంసం తిన్నారు. ఆ రాత్రి కడుపులో మేక అరుస్తున్నట్టు అనిపించి నిద్ర పట్టలేదట. అయినా ఆ విందులు ఏడాది పాటు అప్పుడప్పుడూ సాగాయి. చివరికి మానేసింది మేక మీద జాలితో కాదు. బయట తిని ఇంటికొచ్చి, ఆకలి లేదని అమ్మకు అబద్ధం చెప్పడం ఇష్టం లేక. అమ్మానాన్నలు పోయాక స్వేచ్ఛగా తినొచ్చులే అని కూడా అనుకున్నారు.

1888లో ఇంగ్లండ్ వెళ్లేముందు మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చారు. ఆ మాట కోసం లండన్‌లో అర్ధాకలితో గడిపారు. చౌక హోటళ్లలో రొట్టెతో కడుపు నింపుకుంటూ, శాకాహార భోజనం దొరికే చోటు కోసం మైళ్లకు మైళ్లు నడిచారు. ఆఖరికి ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో ఒక హోటల్ కనబడింది. అక్కడే హెన్రీ సాల్ట్ రాసిన 'ఎ ప్లీ ఫర్ వెజిటేరియనిజం' అనే చిన్న పుస్తకాన్ని ఒక షిల్లింగు పెట్టి కొన్నారు. అది చదివాకే తాను ఇష్టపూర్వకంగా శాకాహారినయ్యానని రాసుకున్నారు. అప్పటిదాకా ఉన్నది అమ్మకిచ్చిన మాట మాత్రమే. 1931లో మళ్లీ లండన్ వెళ్లినప్పుడు అక్కడి శాకాహారుల సంఘంలో మాట్లాడుతూ, కేవలం ఆరోగ్యం కోసం మానేసినవాళ్లు నిలబడటం కష్టమని, దానికి నైతికమైన పునాది ఉండాలని చెప్పారు. ఆ సభలో సాల్ట్ కూడా ఉన్నారు.

గాంధీగారు అబద్ధం చెప్పలేక మాంసం మానేశారు. మా బ్యాంకు మిత్రుడు మాంసం మానేసి అబద్ధం చెబుతున్నాడు.

ఇందులో తప్పంతా చుట్టాలదే అనడం కూడా న్యాయం కాదు. వాళ్ల చిరాకు వెనక మన సమాజపు పాత లెక్క ఒకటుంది. 2014లో కేంద్రం చేయించిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ పదిహేనేళ్లు నిండినవారిలో వందకు 98 మంది మాంసాహారులే. మిగిలిన ఆ ఇద్దరూ ఎవరంటే మనకు చటుక్కున గుర్తొచ్చేది కులం. అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్లకు తెలుసు, "మీరు వెజిటేరియన్లేనా?" అనే ప్రశ్న అసలు దేన్ని అడుగుతోందో. తిండి పేరు చెప్పి తలుపు మూయించుకున్నవాళ్లు, ఇంట్లోవాడే "నేను మానేశాను" అంటే "ఓహో, ఇప్పుడు మేం నీకు తక్కువైపోయామా?" అనుకోరూ? వాళ్లకు అది జాలిగా వినపడదు, ఎత్తిపొడుపుగా వినపడుతుంది. మానేసినవాళ్లలో కొందరు దానికి తగ్గట్టే ప్రవర్తిస్తారు కూడా. నిన్నటిదాకా నల్లి ఎముక చప్పరించినాయన ఇవాళ పక్క కంచం చూసి ముక్కు మూసుకుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నా మటుకు నాకు, నలుగురితో ఒకే బంతిలో కూర్చోలేని దయ మీద పెద్ద నమ్మకం లేదు.

ఇక ఆడవాళ్ల సంగతి. మగవాడు మానేస్తే ఇంట్లో ఒక కూర ఎక్కువ వండుతారు. మరి వండే మనిషే మానేస్తే? ఒకావిడ చేపలు తోమీ తోమీ, చేతులకు ఎన్నిసార్లు శీకాయపొడి రుద్దుకున్నా వాసన పోక, ఆ చేత్తో అన్నం కలుపుకోలేక మానేసింది. సిద్ధాంతం లేదు, పుస్తకం లేదు. తను తినడం మానేసింది గానీ వండటం మానలేదు. మానేస్తే ఒప్పుకునేవాళ్లెవరు? పులుసు ఉడుకుతుంటే "ఒరే, ఒకసారొచ్చి ఉప్పు చూడండిరా" అని కేక వేస్తుంది. పిల్లలు టీవీ దగ్గర్నుంచి లేవరు. ఆ రోజు ఉప్పు ఎక్కువైతే మాట పడేదీ ఆవిడే. ఆవిడ ఎందుకు మానేసిందని ఇంట్లో ఒక్కరూ అడగలేదట, మొక్కు ప్రశ్నతో సహా. రోజూ ఆ చేతివంటే తింటున్నారు మరి! కనీసం ఉప్పు చూసే పనైనా ఇంట్లో ఒకరు తీసుకోవచ్చు.

మాంసమే కాదు, పాలూ పెరుగూ తేనె కూడా వదిలేసేవాళ్లను వీగన్లు అంటున్నారు. బెంగళూరులోనో అమెరికాలోనో ఉద్యోగం చేసే పిల్లలు సెలవులకొచ్చి ఈ మాట చెబితే తల్లులు బెంబేలెత్తుతున్నారు. ఈ పదాన్ని 1944లో ఇంగ్లండ్‌లో పుట్టించారు, 'వెజిటేరియన్' అనే ఇంగ్లిషు మాటలోని మొదటి మూడక్షరాలు, చివరి రెండక్షరాలు కలిపి. ఆ సంఘం పెట్టినవాళ్లలో ముఖ్యుడు డొనాల్డ్ వాట్సన్. చిన్నప్పుడు మేనమామో బాబాయో, ఆ వరసాయన పొలంలో పందిని కోస్తుంటే విన్న అరుపులు ఆయన్ని వదల్లేదు. పద్నాలుగేళ్లకే మాంసం మానేశాడు. 95 ఏళ్లు బతికి 2005లో పోయాడు. పాడి గేదెకు దున్నపోతుదూడ పుడితే దాని గతి ఏమిటో పల్లెల్లో పెరిగినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు కాబట్టి, ఈ పిల్లల వాదం మరీ గాల్లోంచి ఊడిపడింది కాదు. అయితే తెలుగువాడికి ముక్క మానడం కంటే మజ్జిగ మానడం కష్టం. గాంధీగారు కూడా పాలు మానేస్తానని ఒట్టు పెట్టుకుని, 1918లో జబ్బుపడి లేవలేని స్థితిలో కస్తూర్బా మాట మీద మేకపాలు తాగారు. ఒట్టు ఆవు, గేదె పాల గురించే కదా అని సర్దిచెప్పుకున్నారు గానీ, అది ఆయన్ని చివరిదాకా బాధపెట్టింది.

మానేసినవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు నిజంగా అడగవలసిన ప్రశ్న "ఎందుకు?" కాదు, "బదులుగా ఏం తింటున్నావ్?" అన్నది. అన్నం, చారు, ఆవకాయతో సరిపెట్టుకుంటే నీరసం తప్పదు. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని మన పోషకాహార నిపుణుల లెక్క. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో 22 గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. పలచటి పప్పుచారులో మునిగే పప్పు ఎంతో మీకే తెలుసు. కాబట్టి శనగలు, పెసలు, అలసందలు, సోయా, వేరుశనగ, పెరుగు ఏదో రూపంలో రోజూ ఉండాలి. ఐరన్ కోసం ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఒంటికి బాగా పడుతుంది. బి12 విటమిన్ మాత్రం మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు తీసుకునేవాళ్లకు కొంత అందుతుంది. వీగన్లయితే డాక్టర్నడిగి మాత్ర వేసుకోవాల్సిందే.

పదేళ్ల పిల్ల ఉన్నట్టుండి చికెన్ వద్దంటే కొందరు తల్లులు చేసే పని ఒకటుంది. కూరలోంచి ముక్కలు ఏరేసి పులుసు పోయడం, బిర్యానీ పైపైన అన్నం తీసి పెట్టి "ఇది వెజ్జేనమ్మా" అనడం. ఎదిగే పిల్ల, బలం కావాలి కదా అని వాళ్ల బాధ. కానీ పిల్లలకు నాలుక మనకంటే బాగా పనిచేస్తుంది. ఒకసారి దొరికిపోయారా, ఆ తర్వాత మీరు ఒట్టేసి ఉత్త బంగాళాదుంప కూర పెట్టినా ఆ పిల్ల వాసన చూసి గానీ ముద్ద నోట్లో పెట్టదు.