ఎదుటివాని కన్నులు

రాత్రివేళ ఎదురుగా బండి వచ్చునప్పుడు దీపముల వెలుగును క్రిందికి దించుట మర్యాద యని పలువురు తలంతురు. అది మర్యాద మాత్రమే కాదు, ఆత్మరక్షణము కూడ. తీక్ష్ణమైన కాంతి సోకిన కన్ను మరల చీకటికి అలవడుటకు కొన్ని క్షణములు పట్టును; వయసు మీరినవారికి మరింత ఆలస్యము. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి మూడు సెకండ్లలో 50 మీటర్లు సాగును. అంతదూరము ఆ చోదకుడు చూపులేనివాడే. అతడు వచ్చుచున్నది ఎవరి మీదికి? తన కన్నులు కప్పినవాని మీదికే గదా!

ఆ 50 మీటర్లలో ఏమైన ఉండవచ్చును. కోతల కాలమున మన పల్లెలలో ధాన్యమును తారురోడ్డుపై ఆరబోసి, రాత్రికి రాశిచేసి, పట్టా కప్పి, చుట్టును రాళ్లు పేర్చుదురు. నల్లని బాటపై నల్లని రాశి! కళ్లము కరవైన రైతును మాత్రమే నిందించుట న్యాయము కాదు. అతనికి వేరొక తావు చూపనివారిదే పెద్ద తప్పు.

చెరకు మోయు ట్రాక్టరు తొట్టి సంగతి వేరు. పూర్వము ఎడ్లబండి క్రింద లాంతరైన వ్రేలాడుచుండెడిది. నేడు పెక్కు తొట్లకు వెనుక ఏ గురుతును లేదు. 1934లో ఇంగ్లండున పెర్సీ షా యను నతడు బాట నడుమ పొదుగు 'పిల్లికన్ను'ను రూపొందించెను. దానికి చమురక్కరలేదు, విద్యుత్తక్కరలేదు. వచ్చు బండి వెలుగునే ఆ బండి వైపునకు త్రిప్పి పంపును. అటువంటి గుణమే గల ఎర్రని పట్టీలు నేడు అంగళ్లలో దొరకును. ఒకటి అంటించుటకు, చెరకు మోపుపై తాడు బిగించునంత సేపు చాలును.