నర్సింగ్ చదువు: పాఠం ఫోన్‌లో సరే.. సూది వేయడం ఎక్కడ నేర్చుకోవాలి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ.. ఈ మూడు పట్టణాల్లో నర్సింగ్ చదివేవాళ్లకు ఫోన్ ఇప్పుడు సగం క్లాస్‌రూమ్. అనాటమీ అర్థం కాకపోతే యూట్యూబ్, నోట్స్ కావాలంటే వాట్సాప్ గ్రూప్. మరి ఆన్‌లైన్ చదువుతో మంచి నర్సు తయారవుతుందా? అసలు ప్రశ్న ఇదే.

ఈ అలవాటు 2020 మార్చి లాక్‌డౌన్‌తో మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి స్కూలు పిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలొచ్చాయి. నర్సింగ్ వాళ్లకు జూమ్, గూగుల్ మీటే దిక్కయ్యాయి. ఇంట్లో ఒకే స్మార్ట్‌ఫోన్ ఉంటే అక్క క్లాసా, తమ్ముడి క్లాసా అనే పంచాయితీ తప్పలేదు.

అయితే ఆన్‌లైన్‌తో లాభమే లేదా? ఉంది. క్లాసులో ఒక్కసారి విన్న పాఠాన్ని వీడియోలో పదిసార్లు చూడొచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఆపి, వెనక్కి వెళ్లి నేర్చుకోవచ్చు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కూడా టెక్నాలజీని కాదనలేదు. 2021లో నోటిఫై చేసిన బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్‌లో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌ను ఒక సబ్జెక్టుగానే పెట్టింది.

కానీ అదే సిలబస్‌లో ఇంకో లెక్క ఉంది. థియరీలో ఒక క్రెడిట్‌కు 20 గంటలు. ల్యాబ్‌లో 40. ఆస్పత్రి వార్డులో 80. అంటే థియరీకి నాలుగు రెట్లు. ఎందుకంటే నరం దొరకని ముసలాయన చెయ్యి, ఏడ్చే పసిబిడ్డ, కంగారుపడే బంధువులు.. ఇవేవీ స్క్రీన్ మీద నేర్పేవి కావు. వీడియోలో సూది ప్రతిసారీ సరిగ్గానే దిగుతుంది. వార్డులో అలా ఉండదు. అక్కడ చెయ్యి తడబడితే నొప్పి పేషెంట్‌ది.

కాబట్టి గొడవ ఫోన్‌తో కాదు. వార్డు గంటలను ఫోన్‌తో సరిపెట్టేస్తేనే అసలు ప్రమాదం. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ, దానికి ఆస్పత్రి ఉన్నాయి. మిర్యాలగూడలో ఏరియా ఆస్పత్రి ఉంది. విద్యార్థులు ఎక్కువై బెడ్లు తక్కువైతే మాత్రం ఒక్కొక్కరికి చేతి పని దొరికేది కొంచెమే.

అందుకే ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు అడగాల్సింది వైఫై గురించి కాదు. పిల్లలను ఏ ఆస్పత్రికి పంపుతారు? రోజుకు ఎన్ని గంటలు? స్కిల్ ల్యాబ్‌లో బొమ్మలు ఉన్నాయా? లాగ్‌బుక్‌లో సంతకం పని చేశాకే పెడతారా? ఈ నాలుగింటికి సూటిగా జవాబు వస్తేనే ముందుకెళ్లాలి.